కొలత అడగని కొనుగోలు.. వంటింటి మరకు చేటు
మిక్సీ జార్లు, కైమా మిషను బిళ్లల విషయంలో మెలకువ అవసరం

తోట్లవల్లూరు: పొలంలో మోటారు బేరింగు పోతే రైతు పాత బేరింగును గుడ్డలో చుట్టుకుని ఉయ్యూరు వెళతాడు. దానిమీద చెక్కిన అంకె చూపించి, అదే అంకె ఉన్న బేరింగు తెచ్చుకుంటాడు. 6204 అంటే లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 47, మందం 14. ఏ కంపెనీ చేసినా, ఏ దేశం నుంచి వచ్చినా ఆ కొలత మారదు. అదే రైతు ఇంట్లో మిక్సీ జారు పాడైతే మాత్రం ఒట్టి చేతులతో వెళ్లి "జారు ఒకటి ఇవ్వవయ్యా" అని అడుగుతాడు. దుకాణదారు "ఇది అన్నిటికీ పడుతుంది" అని చేతిలో పెడతాడు. ఇంటికి వచ్చాక ఆ జారు కూర్చోదు. కూర్చున్నా కదులుతూ గోల చేస్తుంది. నెల తిరక్కుండా మోటారు మీది కప్లరు పళ్లు అరిగిపోతాయి.

పొలంలోని మరకు చూపే శ్రద్ధ వంటింటి మరకు చూపకపోవడమే ఈ నష్టానికి మూలం. చెడిపోయేది వంటింటి సామానే కదా అని ఎవరూ పట్టించుకోవడం లేదు. కానీ మోటారు కాలితే అయ్యే ఖర్చు కూలి చేసుకునే ఇంటికి చిన్నది కాదు. ఆ ఖర్చుకు తోడు, మళ్లీ మిక్సీ వచ్చేదాకా రోలు ముందు కూర్చోవలసింది ఆ ఇంటి ఆడవారే.

రోటికి లేని చిక్కు

రోలు ఉన్న రోజుల్లో ఈ చిక్కు లేదు. ఏ రోకలైనా ఏ రోటిలోనైనా దంచేది. పొత్రం అరిగితే గంట్లు కొట్టించుకుంటే సరిపోయేది. మిక్సీ అలా కాదు. విదేశాల నుంచి మొదట వచ్చిన మిక్సీలు మెత్తని పదార్థాలకు చేసినవి. నానిన మినప్పప్పును, ఎండుమిర్చిని, కొబ్బరిని పట్టలేక వాటి మోటార్లు కాలిపోయేవి. ఆ ఇబ్బంది చూసే ఎస్.పి. మాథుర్ అనే ఇంజనీరు 1960లలో మన వంటకు తగిన 'సుమీత్' మిక్సీకి రూపకల్పన చేశారు. పనికి తగిన మర ఉండాలన్నదే అక్కడ నేర్చుకోవలసిన పాఠం. మరకు తగిన విడిభాగం ఉండాలన్నది దాని వెంటే వచ్చే మాట.

మిక్సీ జారు కొనేటప్పుడు చూడవలసినవి నాలుగు. మొదటిది, జారు అడుగున ఉండే గాళ్లు ఎన్ని, వాటి మధ్య ఎడం ఎంత అన్నది. కొన్ని మిక్సీలకు మూడు, కొన్నిటికి నాలుగు ఉంటాయి. రెండోది కప్లరు. మోటారు మీద ఒకటి, జారు అడుగున ఒకటి ఉండి రెండూ ఒకదానిలో ఒకటి ఇమడాలి. పళ్ల సంఖ్య సరిపోయినంత మాత్రాన చాలదు, లోతు కూడా సరిపోవాలి. మూడోది బ్లేడు. పొడి కొట్టే బ్లేడు వేరు, రుబ్బే బ్లేడు వేరు. నాలుగోది బుష్షు, దాని సీలు. అవి నాసిరకానివైతే నీరు కిందికి దిగి మోటారులోకి చేరుతుంది.

కప్లరు విషయంలో ఒక అపోహ ఉంది. ప్లాస్టిక్కు కప్లరు మాటిమాటికీ అరుగుతోందని కొందరు ఇనుప కప్లరు వేయించుకుంటున్నారు. నిజానికి కప్లరు అరగడానికే పెట్టిన భాగం. జారులో ఏదైనా ఇరుక్కుంటే చవకైన కప్లరు విరిగి ఖరీదైన మోటారును కాపాడుతుంది. దాని స్థానంలో ఇనుము పెడితే ఆ దెబ్బ నేరుగా మోటారుకే తగులుతుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. మాటిమాటికీ కప్లరు పోతోందంటే జారు సరిగా కూర్చోవడం లేదనో, బుష్షు బిగుసుకుపోయిందనో అర్థం. మందు వేయవలసింది అక్కడ.

కప్లరు విప్పడంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. మోటారు తిరిగేకొద్దీ బిగిసేలా దాని మర ఉంటుంది. కాబట్టి ఇరుసును కదలకుండా పట్టుకుని, మోటారు తిరిగే దిక్కుకే కప్లరును తిప్పితే వదులవుతుంది. ఎదురు తిప్పి బలం చూపితే మర చెడుతుంది. ఏ పని చేసినా ముందు ప్లగ్గు తీసేయాలి.

కైమా మిషనుకు అంకే ఆధారం

ఆదివారం వేటమాంసం కొట్టు దగ్గర కైమా కొట్టించుకోవాలంటే చాలాసేపు నిలబడాలి. మొద్దు శుభ్రంగా ఉందో లేదోనన్న అనుమానం మరొకటి. అందుకని ఇంట్లోనే చేసుకుందామని చేత్తో తిప్పే కైమా మిషను కొనేవారు ఉన్నారు. బెజవాడలో ఉన్న చుట్టాలు, బయటి దేశాల్లో ఉన్న పిల్లలు తెచ్చిపెట్టినవీ ఉంటాయి. వాటి బిళ్ల తుప్పు పట్టినా, కత్తి మొద్దుబారినా ఆ తర్వాత మిషను అటక ఎక్కుతోంది. ఇది అనవసరం. మిక్సీ కంటే కైమా మిషనుకే విడిభాగం తేలికగా కుదురుతుంది. ఎందుకంటే దానికి అంకె ఉంది.

చాలా మిషన్ల ఒంటిమీదే 5, 8, 10, 12, 22, 32 అన్న అంకెల్లో ఒకటి పోతపోసి ఉంటుంది. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దపు తయారీదారుల నుంచి వచ్చిన వాడుక ఇది. ఆ అంకె చిల్లుల బిళ్ల వ్యాసాన్ని చెబుతుంది. 5 అయితే సుమారు 54 మిల్లీమీటర్లు, 8 అయితే 62, 10కీ 12కూ 70, 22 అయితే 82, 32 అయితే 100 దాకా ఉంటుంది. కాబట్టి 10 మిషనుకు 12 బిళ్ల వ్యాసంలో సరిపోతుంది. 8 మిషనుకు 10 బిళ్ల ఎక్కదు. తేడా రెండు సూతాలే అనిపించవచ్చు. మరలో రెండు సూతాలంటే ఆమడ దూరమే.

వ్యాసం కుదిరితే పని అయిపోయినట్లు కాదు. బిళ్ల మధ్య రంధ్రం ఇరుసు కొసకు సరిపోవాలి. అంచున ఉండే గాడి, మిషను లోపలి గూటంలో కూర్చోవాలి. లేకపోతే కత్తితోపాటు బిళ్ల కూడా తిరుగుతుంది, మాంసం తెగదు. బిళ్ల మందం ఎక్కువైతే బిగించే రింగు మర అందదు. తక్కువైతే కత్తికీ బిళ్లకూ మధ్య సందు మిగిలి నరాలు చుట్టుకుంటాయి. కత్తి నడుమ ఉండే రంధ్రం నలుపలకలుగా ఉందా, ఆరు పలకలుగా ఉందా అన్నదీ చూడాలి. పాత కత్తిని, పాత బిళ్లను రెండింటినీ దుకాణానికి తీసుకెళ్లి ఒకదానిమీద ఒకటి పెట్టి చూడడమే అన్నిటికంటే మంచి పద్ధతి.

బిళ్ల చిల్లుల సైజు పనిని బట్టి ఎంచుకోవాలి. కైమా ఉండలకు 3 మిల్లీమీటర్ల చిల్లులు, కూరకు 4.5 లేక 5, ముతకగా కావాలంటే 8. ముదురు మాంసాన్ని ముందు ముతక బిళ్లలో తీసి, తర్వాత సన్న బిళ్లలో తీస్తే మిషనుకూ చేతికీ శ్రమ తగ్గుతుంది.

మిషను చెడిపోయిందని అనుకునే చాలా సందర్భాల్లో చెడింది మిషను కాదు. కత్తిని తిరగేసి బిగించడమే కారణం. కత్తి పదునైన చదును ముఖం బిళ్లకు ఆని ఉండాలి. వెనక్కు తిరిగితే మాంసం తెగదు, నలిగి ముద్దగా వస్తుంది. ఒక కత్తి ఒక బిళ్లతో అరిగి జత కుదురుతుంది. అందుకే కత్తి ఒక్కటే మార్చి అరిగిన బిళ్లను ఉంచుకోవడం కంటే రెండూ కలిపి మార్చడం మేలు.

మిక్సీలో కైమా చేయవచ్చా?

చేయవచ్చు, అయితే హద్దు తెలిసి చేయాలి. కైమా మిషను నెమ్మదిగా తిరిగి కోస్తుంది. మిక్సీ నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరిగి చితక్కొడుతుంది. ఎముక, నరాలు, పొరలు తీసేసి, అంగుళం ముక్కలుగా కోసి, కాసేపు ఫ్రిజ్‌లో చల్లబరచి, కొద్దికొద్దిగా వేసి ఆపి ఆపి తిప్పాలి. ఆపకుండా తిప్పితే కొవ్వు కరిగి గుజ్జు అవుతుంది. దివిసీమవారి రొయ్యల వడలకైతే రెండు విసుర్లు చాలు. కొన్ని కంపెనీలు కైమాకు వేరే బ్లేడు ఇస్తాయి. అది ఆ మిక్సీకే తప్ప పక్కింటి మిక్సీకి కాదు. బరువైన, పొడవైన బ్లేడును బలవంతాన బిగిస్తే జారు గోడకు రాసుకుని ఉక్కు రజను కూరలో పడుతుంది. పిల్లలు తినే కూరలో అలాంటిది పడకూడదు.

మిక్సీ అడుగున మోటారు శక్తి, ఎంతసేపు నడపాలి, ఎంతసేపు ఆపాలి అన్న వివరాలు రాసి ఉంటాయి. అవి చదివేవారు తక్కువ. బరువెక్కువై మిక్సీ ఆగితే కింద ఉండే బొత్తాం నొక్కితే తిరిగి నడుస్తుంది. కానీ ఆగిందంటే అది హెచ్చరిక. కాసేపు చల్లారనిచ్చి, జారులోది సగం తీసి అప్పుడు నొక్కాలి. లంక భూముల్లో పండిన పసుపు కొమ్ములను ఇంటి మిక్సీలో వేయడం మోటారును చేజేతులా కాల్చుకోవడమే. అవి పిండిమరకు వెళ్లవలసినవి.

శుభ్రత సంగతి సరేసరి. ముక్కగా ఉన్న మాంసం కంటే కైమా త్వరగా చెడుతుంది. ఏ పూట కైమా ఆ పూటే వండాలి. బిళ్ల, కత్తి, స్క్రూ అన్నీ విప్పి వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తినే నూనె పూసి దాచాలి. తగరం పూత ఉన్న ఇనుప మిషనును ఇసుకతోనో, ముతక పీచుతోనో తోమితే పూత పోయి తుప్పు పడుతుంది. పచ్చి మాంసం వేసిన జారును పచ్చళ్లకు వాడకుండా విడిగా పెట్టుకోవడం మంచిది.

దుకాణదారుల మాట, కొన్నవారి మాట

దుకాణదారుల వాదన కూడా వినదగినదే. పదుల సంఖ్యలో కంపెనీలు, ఒక్కో కంపెనీలో అనేక రకాలు. అన్నిటి జార్లూ పల్లెటూరి కొట్లో నిలవ పెట్టడం అయ్యే పని కాదని వారంటారు. కొనేవారు పేరు చెప్పరని, ధర తగ్గించమని మాత్రం అడుగుతారని చెబుతారు. ఇందులో నిజం ఉంది. అయితే తెలియనప్పుడు "అన్నిటికీ పడుతుంది" అనే బదులు "పాతది తీసుకురండి" అనడానికి ఖర్చేమీ లేదు. ఇవ్వగలిగిన వస్తువుకు రసీదు మీద కంపెనీ పేరు, మోడలు రాసి, సరిపోకపోతే వారంలో మార్చి ఇస్తామని ఒక్క ముక్క రాయడం వ్యాపార ధర్మం. కొన్నవారు సైతం పది రూపాయలు తగ్గుతుందని రసీదు వదులుకుంటున్నారు. రసీదు లేనిదే రేపు అడిగే నోరు ఉండదు.

వస్తువు లోపం ఉండి, దుకాణదారు వినకపోతే దారి ఉంది. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలులో ఉంది. 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు. వారంటీ ఉన్న మిక్సీకి బయటి విడిభాగం వేయించే ముందు వారంటీ కాగితం చదవాలి. బయటి భాగం వేస్తే బాధ్యత తమది కాదని కంపెనీలు సాధారణంగా అందులో రాస్తాయి.

ఒకే కొలత ఎందుకు రాదు?

అసలు ప్రశ్న కంపెనీలను అడగవలసినది. మిక్సీలకు ఐ.ఎస్. 4250 పేరుతో భారతీయ ప్రమాణం ఉంది. అయినా ఒక కంపెనీ జారు ఇంకో కంపెనీ మిక్సీకి కూర్చోదు. ఒక్కోసారి అదే కంపెనీ కొత్త జారు పాత మిక్సీకి కూర్చోదు. బేరింగులకు, బల్బు హోల్డర్లకు, నట్లకు సాధ్యమైన ఒకే కొలత జారు అడుగుకు ఎందుకు సాధ్యం కాదు? ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024 డిసెంబరు 28 నుంచి కొత్త సెల్‌ఫోన్లన్నిటికీ ఒకే రకం ఛార్జింగు రంధ్రం ఉండాలని చట్టం చేశారు. చేయాలనుకుంటే జరుగుతుందనడానికి అదే తార్కాణం. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా 2022 జూలైలో మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న అందుకోసం ఒక పోర్టల్ ప్రారంభించింది. ఇంటి ఉపకరణాలు కూడా ఆ పరిధిలో ఉన్నాయి. విడిభాగాల కొలతలు అందరికీ కనిపించేలా అచ్చు వేయించినప్పుడే ఆ హక్కు పల్లెదాకా చేరినట్లు.

అంతవరకు జాగ్రత్త ఇంటివారిదే. మిక్సీ అడుగున ఉన్న కంపెనీ పేరు, మోడలు, మోటారు శక్తి, కైమా మిషను ఒంటిమీది అంకె ఒక చీటీ మీద రాసి వంటింటి తలుపు వెనక అంటించుకుంటే చాలు. ఆ చీటీ, పాత భాగం చేతిలో లేకుండా దుకాణానికి వెళ్లకూడదు. మగవారు సంతకు వెళుతూ ఏదో ఒకటి తెచ్చే బదులు, రోజూ ఆ మర నడిపేవారిని ఒక్కమాట అడిగి వెళ్లడం మరీ మంచిది. జారు ఎక్కడ కదులుతోందో, ఎక్కడ కారుతోందో తెలిసేది వారికే.

వ్యాపారులు రసీదులో మోడలు రాయడం, డ్వాక్రా సంఘాల సమావేశాల్లో ఒకసారైనా ఈ విషయం చెప్పించడం డబ్బు ఖర్చు లేని పనులు. సంబంధిత అధికారులు, వర్తక సంఘాలు ఈ దిశగా ఆలోచించవలసిన అవసరం ఎంతైనా ఉంది.