ముందు తేలాల్సింది పెళ్లి సంగతి కాదు

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌకి తొలి రోజుల్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. పై కులాల వాళ్లు తమ పిల్లల్ని ఆయన బడికి పంపుతున్నారు. అంతలో మాదిగలు బాప్తిస్మం కోరి వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే పిల్లల్ని మాన్పిస్తామని పెద్దలు తెగేసి చెప్పారు. క్లౌ దొర, ఆయన భార్య ఎవరికి వారుగా బైబిల్ తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే వచ్చిందని మిషన్ చరిత్ర చెబుతుంది. బడి పోతే పోయిందని వాళ్లు మాదిగల పక్షాన నిలిచారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎగువన కంభం చెరువును నింపేదీ ఆ ఏరే. మార్కాపురం, కంభం, త్రిపురాంతకం చుట్టుపక్కల పల్లెల్లోని బాప్టిస్టు సంఘాలు ఆ పరంపరలోవే.

సంఘంలోకి ఎవరిని రానివ్వాలన్న ప్రశ్న ఇప్పుడు ఇంకో రూపంలో వచ్చింది. స్వలింగ సంబంధాల్లో ఉన్నవారిని, ట్రాన్స్‌జెండర్లను ఏం చేయాలి? ఈ మిషనరీలను పంపిన అమెరికన్ బాప్టిస్టులే దీనిమీద చీలారు. స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు పొసగదని వాళ్ల జనరల్ బోర్డు 1992లో తీర్మానించింది. మరుసటి ఏడాదే, అందరినీ ఆహ్వానిస్తామనే బాప్టిస్టు సంఘాలు విడిగా ఒక కూటమి కట్టాయి. అలాంటి సంఘాలను ఎందుకు ఉపేక్షిస్తున్నారంటూ 2006లో పసిఫిక్ నైరుతి ప్రాంత సంఘాలు బయటికి నడిచాయి.

మిగతా చర్చిలదీ ఇదే దారి. 1842లో గుంటూరుకు మిషనరీ హేయర్ అయ్యగారిని పంపింది అమెరికా లూథరన్లు. స్వలింగ సహజీవనంలో ఉన్నవారు పాస్టర్లు కావచ్చని అక్కడి ప్రధాన లూథరన్ చర్చి 2009లో ఒప్పుకుంటే, కాదన్నవాళ్లు 2010లో వేరే చర్చి పెట్టుకున్నారు. ఆంగ్లికన్ బిషపులు 1998 లాంబెత్ మహాసభలో 526–70 ఓట్లతో పాత బోధనే నిలబెట్టారు. 2023 ఫిబ్రవరిలో ఇంగ్లండు చర్చి స్వలింగ జంటలకు ఆశీర్వాద ప్రార్థనలు చేయవచ్చనగానే, ఆఫ్రికా, ఆసియాల ఆర్చిబిషపులు పలువురు కాంటర్‌బరీ పెద్దరికాన్ని ఇక ఒప్పుకోబోమన్నారు.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అనేవారున్నారు. కానీ 2009లో స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్‌ను ఢిల్లీ హైకోర్టు సడలించినప్పుడు సుప్రీంకోర్టుకు అప్పీలు వెళ్లినవారిలో ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్, అపోస్తలిక్ చర్చెస్ అలయన్స్ ఉన్నాయి. 2013 డిసెంబరులో వాళ్ల వైపే తీర్పు వచ్చింది. అప్పుడు ముంబయి కార్డినల్ ఆస్వల్డ్ గ్రేషియస్ మధ్యేమార్గంగా మాట్లాడారు: స్వలింగ వివాహాన్ని కతోలిక చర్చి ఒప్పుకోదు, అలాగని ఆ మనుషులను నేరస్థులుగానూ చూడదు. నాగపూర్ కేంద్రంగా ఉన్న జాతీయ చర్చిల మండలి ఇంకో అడుగు వేసి, లింగ వైవిధ్యంపై చర్చకు ఏకంగా ఒక వేదికనే పెట్టింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6 తీర్పుతో నేరం అన్న ముద్ర పోయింది. సంఘాల్లో మాత్రం మాట తెగలేదు.

వద్దనేవారి వాదనను మొండితనమని కొట్టిపారేయలేం. ఆదికాండంలోనూ మత్తయి పంతొమ్మిదో అధ్యాయంలోనూ వివాహమంటే స్త్రీ పురుషుల కలయికే, దాన్ని మార్చే హక్కు మనకెక్కడిదని వాళ్లు అడుగుతారు. అయితే ఈ ప్రశ్నే పడమటి దేశాల దిగుమతి అనడం మాత్రం నిలవదు. ట్రాన్స్ మహిళ కూడా చట్టం దృష్టిలో స్త్రీయేననీ, భర్త వేధిస్తే 498ఏ కింద ఫిర్యాదు చేయవచ్చనీ 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది ఒంగోలు కేసులోనే. ఆధారాలు చాలక ఆ కేసును కొట్టేసినా, సూత్రం మిగిలింది.

ఇలాంటి చిక్కు చర్చికి కొత్త కాదు. ఇద్దరు భార్యలున్న పురుషుడికి బాప్తిస్మం ఇవ్వకూడదని ఆంగ్లికన్ల 1888 లాంబెత్ సభ కట్టడి చేసింది. సరిగ్గా వందేళ్లకు, 1988లో, అదే సభ షరతులతో ఇవ్వవచ్చంది. బహుభార్యత్వం మంచిదని అనలేదు. ఒక భార్యను వీధిన పడేయమని చెప్పడం అన్యాయమని గుర్తించింది. వివాహంపై బోధ ఒకటి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి సంగతి ఇంకొకటి అని అక్కడ విడదీసి చూశారు. మార్కాపురం ప్రాంతంలో కావలసింది ఆ విడదీతే.

నిజానికి ఇక్కడి పాస్టర్ల ముందు స్వలింగ వివాహం అన్న సమస్యే లేదు. దానికి చట్టబద్ధ హక్కు లేదని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న చెప్పేసింది. ముందున్న ప్రశ్నలు చిన్నవి, కచ్చితమైనవి. సభ్యుల రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారా? ప్రభువు బల్ల దగ్గరికి రానిస్తారా? చనిపోతే సమాధుల దొడ్డిలో చోటిస్తారా? కొడుకునో కూతురినో బాగుచేయమని తల్లిదండ్రులు తీసుకొస్తే విడుదల ప్రార్థన పేరుతో ఉపవాసాలు పెట్టించి వేధిస్తారా? మార్పు చికిత్స పేరుతో ఇలాంటి పని డాక్టరు చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తనేనని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. డాక్టరుకు తగనిది పాస్టరుకు తగుతుందా?

వివాహంపై పాత బోధనే నమ్మే సంఘం కూడా ఈ ప్రశ్నలన్నింటికీ దయగల జవాబే ఇవ్వవచ్చు. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) వాళ్లయితే బిషపు మాట కోసమో, సినాడ్ తీర్మానం కోసమో ఆగుతామంటారు. బాప్టిస్టు పద్ధతిలో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. పేరు ఉంచడం, బల్ల ఇవ్వడం, సమాధికి చోటు, ప్రార్థన పేరుతో బలవంతం లేకపోవడం: ఈ నాలుగింటినీ వచ్చే సభ్యుల సమావేశం అజెండాలో పెట్టడానికి మార్కాపురం సంఘాలు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.