తిరుప్పాచేత్తి కత్తి: పేరు చెడగొట్టుచున్నది ఎవరు?

మదురై నుండి రామేశ్వరము పోవు మార్గమున, శివగంగ జిల్లాలో, తిరుప్పాచేత్తి యను గ్రామము కలదు. తమిళనాట ఆ యూరి పేరు చెప్పినంతనే అందరికిని తలపునకు వచ్చునది అరువాళ్, అనగా మన యిండ్లలో మచ్చుకత్తి యని పిలుచుకొను వంకికత్తి. కొబ్బరిచెట్లు గల మన కుటుంబములలో అది లేని యిల్లు అరుదు. ఊరి పొలిమేరల యందు కరుప్పణ్ణసామికి మ్రొక్కుబడిగా సమర్పించునదియు అరువాళే. అంతటి పేరుగల కత్తిని గూర్చి యిటీవల మనవారిలో పెదవి విరుపులు వినవచ్చుచున్నవి. “పేరు గొప్ప, ఊరు దిబ్బ” అని మొన్న ఒక పెండ్లిపందిరిలో ఒకరు నా యెదుటనే అనిరి. ఊరు దిబ్బ కాలేదనియు, దిబ్బయైనది మా వర్తకుల దుకాణములలోని సరకే యనియు చెప్పుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కత్తులయందు అభిరుచి గలవారు మన సంఘమున పెక్కుమంది లేకున్నను, ఉన్నవారు గట్టివారు. వారిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు జర్మనీ, జపాను దేశముల వంటకత్తులను తెప్పించి, మన కమ్మరుల కత్తులతో పోల్చి చూచుచుందురు. అరువాళ్ విషయమున ఆయన మెచ్చుకోలు, ఆక్షేపణ రెండును తూచినట్లుండును. బరువు కొనవైపు ఉండుటచే దెబ్బ వేయువాని చేతికి శ్రమ తక్కువ, సాధారణమైన సానరాయి మీదనే పదును తిరిగి వచ్చును, ఇది మెచ్చుకోలు. ఇక ఆక్షేపణ: పిడి వదులగును, తుడువక విడిచినచో తుప్పు పట్టును, ఒకే కొలిమిలో పుట్టిన రెండు కత్తులలో ఒకటి గట్టిగాను ఒకటి మెత్తగాను ఉండును.

తుప్పు మాటను నేను ఒప్పుకొనను. తుప్పు పట్టని ఉక్కులో క్రోమియము నూటికి పదిపాళ్ళకు పైగా కలిసియుండును. అది వేరు జాతి ఉక్కు. మన కమ్మరి వాడునది కర్బనపు ఉక్కు. పని ముగిసిన పిమ్మట తుడిచి చుక్క నూనె రాచిన చాలును. మా అవ్వ తన కత్తిపీటను నలువది యేండ్లు అట్లే కాపాడుకొనెను. పిడి మాట మాత్రము నిజము. గట్టితనములో తేడా యనునదియు నిజమే. దానికి కారణము తెలియవలెనన్న కొలిమి దగ్గర కొంతసేపు కూర్చుండవలెను.

నేను చూచిన కొలిమిలో ముడిసరకు పాత లారీల కమాను పట్టీలు. ఆ ఉక్కులో కర్బనము నూటికి అరపాలునకు మించి ఉండును కనుకనే అది నీట ముంచినప్పుడు గట్టిపడును. గేట్లకును కిటికీలకును వాడు మెత్తని ఇనుములో కర్బనము పావుపాలుకూడ ఉండదు. దానిని ఎన్నిమార్లు కాల్చి ముంచినను కత్తి కానేరదు. కమ్మరి పట్టీని ఎఱ్ఱగా కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, వంపు తీర్చి, అంచును మాత్రమే నీట ముంచెను. పిమ్మట పైకి తీసి కన్నార్పక చూచుచుండెను. వెన్నులో నిలిచిన వేడి మెల్లగా అంచునకు ప్రాకును. అంచు గడ్డిరంగు దేరినంతనే మరల ముంచవలెను. ఒక్క క్షణము ముందైన అంచు పెళుసై విరుగును, ఒక్క క్షణము ఆలస్యమైన మెత్తబడి మడతపడును. వెన్ను మాత్రము మెత్తగా నిలిచి దెబ్బను తాళును. ఇదంతయు కంటి కొలతయే. ఎండవేళ రంగు సరిగా కనబడదు గనుక నీడలోనే ముంచుదుమని ఆ కమ్మరి చెప్పెను. కంటి కొలతలో అప్పుడప్పుడు తేడా రాకపోదు. అట్టి కత్తిని ఆ కొలిమికే తిరిగి తీసికొనిపోయిన సరిచేసి యిత్తురు. అది యే కొలిమిదో తెలియనప్పుడే చిక్కు.

ఇక నా తప్పు చెప్పుకొందును. కొన్ని యేండ్ల క్రిందట దూరపు నగరమందలి ఒక టోకు వర్తకుని యొద్ద “తిరుప్పాచేత్తి సరకు” అను మాట నమ్మి నూరు కత్తులు కొంటిని. ధర చవుక. చవుక యెందుకని నేను అడుగలేదు. అడుగకుండుట నాకు లాభముగా నుండెను. నెల తిరుగకమున్నే మనవారిలోనే ఒక పెద్దరైతు వచ్చి కత్తిని బల్లమీద పెట్టిరి. ఎండిన కొబ్బరిమట్టపై మూడవ దెబ్బకే అంచు ఆకువలె మడతపడియున్నది. “ఏమప్పా, ఇది తిరుప్పాచేత్తిదా, నీ దుకాణముదా?” అని మాత్రము అడిగిరి. రూకలు తిరిగి ఇవ్వబోగా పుచ్చుకొనలేదు. ఆ వారమే నేను ఆ గ్రామమునకు పోయి కొలిమి చూచితిని. మిగిలిన కత్తులను పాత ఇనుముగా తూకమునకు అమ్మివేసితిని. అయినను అప్పటికే అమ్ముడుపోయినవి అరువదికి పైచిలుకు. అవి యున్న యిండ్లన్నిటిలోను నేడు తిట్లు తినుచున్నది నేను కాను, ఎన్నడును ఆ కత్తులను తాకని తిరుప్పాచేత్తి కమ్మరులు.

తెలుగునాట కూడ ఒకప్పుడు ఇట్టి పేరుగల ఊరు ఉండెను. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో కాచిన ఉక్కును కొనుటకు పర్షియా వర్తకులు వచ్చెడివారు. వాయిసీ యను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసినది 1832 లో ప్రచురింపబడెను. ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడొకడు కొలిమి దగ్గర నిలిచి పనిని స్వయముగా పర్యవేక్షించుచుండెనని అందులో కలదు. అంత దూరము నుండి వచ్చినవాడు కొలిమి దగ్గర నిలిచెను. మూడు గంటల బస్సు ప్రయాణమునకు మేము బద్ధకించుచున్నాము! జర్మనీలో జోలింగెన్ యను కత్తుల పట్టణము పేరును ఇతరులు వాడరాదని 1938 లోనే చట్టము చేసిరి. మన దేశమున భౌగోళిక గుర్తింపుల చట్టము 1999 లో వచ్చి 2003 నుండి అమలైనది. మీరట్ కత్తెరలకు దానిక్రింద గుర్తింపు లభించినది. కాని చట్టము వచ్చి ప్రతి దుకాణపు బల్లదగ్గర కూర్చుండదు గదా.

ఈ కత్తికి మరియొక అపకీర్తి కలదు. 2005 లో ఆ యూరి పేరనే తమిళ చలనచిత్రము వచ్చెను. అరువాళ్ అనగా కొట్లాటయే యనుకొను పట్టణపు పిల్లలు పెరిగిరి. 2021 లో పోలీసువారు కత్తులు కొనువారి పేర్లు, చిరునామాలు వ్రాసియుంచవలెనని కమ్మరులకును దుకాణదారులకును సూచించిరి. దీనిపై మా వర్తకులలో కొందరు సణుగుచున్నారు. నాకు కష్టము తోచలేదు. కొనువాని పేరు వ్రాయు పుస్తకముననే చేసినవాని పేరును ఏల వ్రాయరాదు?

నా కోరిక యింతే. మన సంఘపు వర్తకులు తిరుప్పాచేత్తి పేరు చెప్పి అమ్మదలచిన కత్తులను ఆ యూరి కొలిమి నుండియే తెప్పించుకొనవలెను. పిడి దగ్గర కమ్మరి ముద్ర వేయించవలెను. రసీదులో ఆ ముద్రను వ్రాయవలెను. ఇతర సరకును నాటుకత్తి యని చెప్పి అమ్ముకొనుడు, అందులో తప్పులేదు. ధర పెరుగును గదా యని కొందరందురు. పెరుగును. ఏటికొకటి చొప్పున చవుక కత్తులు కొనువాడు మూడవ యేటికే అంతకు మించి వ్యయపరచుచున్నాడని నా లెక్క పుస్తకమే చెప్పుచున్నది.

రాబోవు నెల సర్వసభ్య సమావేశమున ఈ విషయమును ప్రతిపాదింతును. ముద్ర వేయించిన కత్తి యొకటియు, ఆనాడు పెద్దరైతు నా బల్లమీద విడిచిపోయిన కత్తియు వెంట తెత్తును. ఎండిన కొబ్బరిమట్టలు రెండు తెచ్చు భారము తోటలు గల సభ్యులది.