ఎనిమిది వారాల్లో తయారయ్యే పని కాదు

రిపోర్టులో పొటాషియం 14, కాల్షియం 3 అని వచ్చింది. మిషన్ తప్పేమీ లేదు, ట్యూబులో ఉన్నదాన్ని ఉన్నట్టే కొలిచింది. కానీ మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండే పొటాషియం 14కు చేరితే మనిషి బతికి ఉండటమే కష్టం. ఈ మనిషేమో బయట కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. జరిగింది ఏమిటంటే, ఒక ట్యూబులో రక్తం చాలలేదని ఊదారంగు మూత ట్యూబులోంచి కాస్త అందులోకి వంపారు. ఊదారంగు ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే పొటాషియం లవణం ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, తనలోని పొటాషియాన్ని రక్తంలో కలిపేస్తుంది. ఒకటి ఆకాశానికి ఎక్కి, రెండోది పాతాళానికి పడిన ఆ రెండు అంకెలను పక్కపక్కన చూడగానే ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు అనుమానం రావాలి. రిపోర్టు ఆపి, మళ్లీ రక్తం తీయించాలి.

ఆ అనుమానం ఎలా వస్తుంది? అమెరికాలో ల్యాబ్ టెక్నీషియన్ల శిక్షణ గురించి ఇంత చర్చ జరుగుతున్నా ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ఎక్కువగా వినబడే మాట వేరు. క్లాసులో ఎన్ని గంటలు కూర్చున్నారన్నది అనవసరం, పని చేతనవునా కాదా అన్నదే చూడాలి. కాబట్టి చేయాల్సిన పనులన్నీ జాబితాగా రాసి, ఒక్కొక్కటీ చేసి చూపించగానే టిక్కు పెట్టి, వీలైనంత తొందరగా ఉద్యోగంలోకి పంపేద్దాం అంటున్నారు. దీన్నే కాంపిటెన్సీ ఆధారిత శిక్షణ అని ప్రచారం చేస్తున్నారు. ఈ వాదంలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగం తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది రోగి.

మొదటి సగం ఎందుకు సరైనదో మన తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గంటల్ని బట్టి చదువును కొలవడం అమెరికాలో కార్నెగీ ఫౌండేషన్ ప్రొఫెసర్ల పెన్షన్లకు పెట్టిన షరతులతో, 1906 ప్రాంతంలో, పాతుకుపోయింది. మన దగ్గర అదే హాజరు పట్టీగా, ప్రాక్టికల్ రికార్డుగా ఉంది. యల్లాప్రగడ సుబ్బారావు 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతిని మన బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ ప్రాక్టికల్స్‌లో చేస్తారు. ఫాస్ఫరస్ ఉన్నకొద్దీ నీలిరంగు చిక్కబడుతుంది. ఫాస్ఫేటు ఉన్న డిటర్జెంటుతో కడిగిన గొట్టాన్ని సరిగా తొలపకపోతే, ఏమీ వేయని గొట్టం కూడా నీలంగా మారుతుంది. ఆ అక్కర్లేని నీలాన్ని ఒక్కసారి చూసినవాళ్లు జీవితంలో మరిచిపోరు. చాలా కాలేజీల్లో సీనియర్ రికార్డులోంచి అంకెలు ఎక్కించుకుని సంతకం పెట్టించుకున్న పిల్లలకు అది ఎప్పటికీ కనబడదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నామన్న సర్టిఫికెట్లు మన ఇళ్లలో బీరువాల నిండా ఉన్నాయి. కాబట్టి చేసి చూపించమని అడగడం న్యాయమే.

న్యాయమైన ఆ కోరికను తొందరకు తాకట్టు పెట్టడం దగ్గరే నా అభ్యంతరం. 2025 జూలైలో అమెరికాలో చట్టమైన పెద్ద బిల్లులో ఒక భాగం ప్రకారం, పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు 2026 జూలై 1 నుంచి 8 వారాల కోర్సులకు కూడా వర్తిస్తుంది. ఆ కోర్సు మంచిదో కాదో తేల్చే ముఖ్యమైన కొలతల్లో రెండు ఇవి: చేరినవాళ్లలో 70 శాతం మంది పూర్తిచేయాలి, 70 శాతం మందికి ఉద్యోగం రావాలి. పేదవాళ్లకు డబ్బు అందడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ రెండు అంకెల్లో ఏదీ బయటికొచ్చిన మనిషికి పని వచ్చిందా రాలేదా చెప్పదు. పైగా పని రాని విద్యార్థిని ఇంకో నెల ఉంచుకుని నేర్పే కాలేజీకి ఆ లెక్కలో ఒరిగేదేమీ లేదు.

ఎనిమిది వారాల్లో ఎవరూ డాక్టరు కారు, టెక్నీషియన్ చేసేది చిన్న పనే కదా అంటారు. రెండేళ్ల మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ (ఎంఎల్టీ) అసోసియేట్ డిగ్రీకి ఈ కోర్సులు బదులు కావన్నది నిజమే. అయితే ఫెడరల్ నిబంధనలు ల్యాబ్ పరీక్షలను వాటి క్లిష్టతను బట్టి విడదీశాయి. మధ్యస్థ క్లిష్టత గల పరీక్షలు చేయడానికి హైస్కూలు డిప్లొమా, దానికి తోడు ఆ పరీక్షలో శిక్షణ పొందినట్టు కాగితం ఉంటే చాలు. మిషన్ మీద నడిచే మామూలు రసాయన పరీక్షల్లో ఎక్కువ భాగం ఈ తరగతిలోకే వస్తాయి. పొటాషియం కూడా అందులోదే. లైసెన్సు అడిగే రాష్ట్రాలు కొన్నే. మనవాళ్లు వేలల్లో ఉన్న టెక్సాస్ అడగదు.

మిషన్‌లో ట్యూబు పెట్టడం, కాలిబ్రేషన్ చేయడం, కంట్రోల్ నడపడం, ఫలితాన్ని కంప్యూటర్‌లోకి పంపడం: ఇవి జాబితాకు లొంగే పనులు. చురుకైన మనిషి ఎనిమిది వారాల్లో కచ్చితంగా నేర్చుకోగలదు. లొంగనిది తప్పును పసిగట్టడం. ల్యాబ్‌లో తప్పులు రోజూ రావు, వచ్చినప్పుడు తప్పులాగా కనబడవు. డెంగీ జ్వరాల పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క మన ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుసు. కొందరి రక్తంలో ప్లేట్‌లెట్లు అదే ఈడీటీఏ తగలగానే గుత్తులుగా అతుక్కుంటాయి. మిషన్ వాటిని విడివిడిగా లెక్కించలేక 20 వేలో 30 వేలో చూపిస్తుంది. అనుభవం ఉన్న టెక్నీషియన్ స్లైడు చేసి మైక్రోస్కోపు కింద అంచుల దాకా చూసి గుత్తులు పట్టుకుంటుంది, సిట్రేటు ఉండే నీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తెప్పిస్తుంది. ఆ పని జరగకపోతే ఏ లోపమూ లేని మనిషికి ప్లేట్‌లెట్లు ఎక్కించే దాకా పోవచ్చు. ఇలాంటి నమూనా కొన్ని వారాల శిక్షణలో ఒక్కటి కూడా ఎదురుపడకపోవచ్చు. ఎదురుపడాలంటే కాలం పట్టాలి. లేదంటే నేర్పేవాళ్లు పనిగట్టుకుని చెడ్డ నమూనాలు దాచిపెట్టి ముందు పెట్టాలి. ఈ రెంటికీ ఖర్చవుతుంది.

అమెరికాకు ఇది తెలియని విషయం కాదు. 1987లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో వాల్ట్ బోగ్డానిచ్ పాప్ స్మియర్ ల్యాబ్‌ల గుట్టు బయటపెట్టారు. స్లైడుకింత అని కూలి లెక్కన, ఊపిరాడని వేగంతో చదివిస్తుంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాలు కంటికి ఆనకుండా పోయాయి. బాగానే ఉందన్న రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లిన ఆడవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కథనాలకు 1988లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఏడాది కాంగ్రెస్ ల్యాబ్‌లను నియంత్రించే క్లియా చట్టం చేసింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఒక సైటోటెక్నాలజిస్టు 24 గంటల్లో 100 స్లైడ్లకు మించి చూడకూడదు. ఆ వందను 8 గంటల కంటే తక్కువ సమయంలో ముగించనూ కూడదు. ల్యాబ్ పనిలో వేగానికి చట్టమే పగ్గం వేసింది.

ఆ నిబంధనల్లోనే కాంపిటెన్సీ మాట కూడా ఉంది. టెక్నీషియన్ సామర్థ్యాన్ని మొదటి ఏడాది రెండుసార్లు, ఆ తర్వాత ఏటా, ఆరు విధాలుగా పరీక్షించాలి. పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి చూడాలి, మిషన్ నిర్వహణ చూడాలి, ఫలితాలు నమోదు చేసే తీరు చూడాలి, కంట్రోల్ రికార్డులు తిరగేయాలి, ఫలితం ముందే తెలిసిన నమూనా ఇచ్చి చేయించాలి. ఇవి ఐదు. ఆరోది, చిక్కు వచ్చినప్పుడు దాన్ని ఎలా విప్పుతారో చూడటం. నా దృష్టిలో ఆ ఆరోదే అసలు పరీక్ష. చాలాచోట్ల అది ఒక చిన్న క్విజ్‌తో సరిపోతుంది. ప్రశ్న, నాలుగు జవాబులు, ఒక టిక్కు. ఈడీటీఏ కలిసిన ట్యూబును రాత్రి షిఫ్టులో, ఎవరూ చెప్పకుండా, నలభై మంచి ట్యూబుల మధ్య పెట్టి చూడటం ఎక్కడ, ఈ కాగితం ఎక్కడ?

టిక్కుల్ని, అంకెల్ని నమ్ముకుంటే ఏమవుతుందో బోస్టన్‌లో తేలింది. జమైకా ప్లెయిన్‌లోని హింటన్ రాష్ట్ర ల్యాబ్‌లో మాదకద్రవ్యాల పరీక్షలు చేసిన ఆనీ డూకన్ సహోద్యోగుల కంటే కొన్ని రెట్లు ఎక్కువ నమూనాలు ముగించేది. తోటివాళ్లకు అనుమానం వచ్చినా ఏళ్ల తరబడి కొనసాగింది. 2012లో బయటపడింది: చాలా నమూనాలను పరీక్షించకుండా కంటితో చూసి ఫలితం రాసేసింది. 2013లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లింది. 2017లో మసాచుసెట్స్ సుప్రీం జ్యుడీషియల్ కోర్టు 21 వేలకు పైగా కేసులను కొట్టేసింది. అది మోసం, శిక్షణ లోపం కాదు అంటారా? మోసమే. కానీ అది అన్నాళ్లు సాగడానికి కారణం, పైవాళ్లు ఎన్ని అయ్యాయో లెక్కపెట్టి, ఎలా అయ్యాయో పక్కన నిలబడి చూడకపోవడం. 70 శాతం పూర్తి, 70 శాతం ఉద్యోగం అన్న కొలతలో ఉన్న గుడ్డితనమూ అదే.

డిగ్రీ అడ్డుగోడ అని, దాన్ని కూలిస్తే పేదలకు, నల్లవాళ్లకు, వలస వచ్చినవాళ్లకు దారి దొరుకుతుందని ఇంకో వాదం ఉంది. దీన్ని నేను గౌరవిస్తాను. ఈ వాదం చేసేవాళ్లు తరచూ వివియన్ థామస్‌ను గుర్తుచేస్తారు. నాష్‌విల్‌లో వడ్రంగం చేసిన ఆ నల్లజాతి యువకుడు డాక్టరు చదువుకని దాచుకున్న డబ్బు బ్యాంకు కూలిపోయి పోయింది. 1930లో వాండర్‌బిల్ట్‌లో ఆల్ఫ్రెడ్ బ్లేలాక్ ల్యాబ్‌లో చేరాడు. చేసింది పరిశోధన, కాగితం మీద హోదా మాత్రం ఊడ్చేవాడిది. 1944 నవంబరు 29న జాన్స్ హాప్కిన్స్‌లో మొదటి బ్లూ బేబీ ఆపరేషన్ జరిగినప్పుడు బ్లేలాక్ వెనక పీట మీద నిలబడి, కుట్టు ఎలా వేయాలో చెప్పింది ఆయనే. డిగ్రీ లేదు. అయితే 1930 నుంచి 1944 దాకా ఎన్నేళ్లో చూడండి. పద్నాలుగేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పిన గురువు ఉన్నాడు, రాత్రుళ్లు శరీరధర్మశాస్త్రం చదివిన శిష్యుడున్నాడు, జంతువుల మీద మళ్లీ మళ్లీ చేసిన ఆపరేషన్లున్నాయి. థామస్ జీవితం డిగ్రీ అక్కర్లేదని చెబుతుంది, కాలం అక్కర్లేదని ఎక్కడా చెప్పదు. ఆయన్ని పొట్టి కోర్సులకు సాక్షిగా పిలవడం ఆయన శ్రమకు అవమానం.

ఇక మనుషుల కొరత. ఆసుపత్రుల్లో టెక్నీషియన్లు దొరకడం లేదు, అందుకే తొందర అంటారు. కొరత నిజం. కారణం మాత్రం శిక్షణ పొడవు కాదు. లేబర్ బ్యూరో లెక్కల్లో 2023 మే నాటికి ల్యాబ్ టెక్నాలజిస్టులు, టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 60,780 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సులది 86,070 డాలర్లు. విద్యార్థులను బెంచి దగ్గర నిలబెట్టి నేర్పడం ఆసుపత్రులకు ఖర్చుగా కనబడి ఎన్నో శిక్షణ కార్యక్రమాలు మూతపడ్డాయి. జీతం పెంచకుండా, బెంచి ఇవ్వకుండా, వారాలు తగ్గిస్తే నిలిచేవాళ్లు దొరకరు, ఏడాదిలో వెళ్లిపోయేవాళ్లు దొరుకుతారు.

నిజంగా సామర్థ్యాన్నే కొలిచే శిక్షణలో కాలం కొందరికి తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. పెరిగినవాళ్లకు కూడా గ్రాంటు అందాలి. ఇండియాలో పదేళ్లు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసి హెచ్-4 వీసా మీద వచ్చిన ఆవిడను మళ్లీ మొదటి సెమిస్టరు నుంచి కూర్చోబెట్టడం అన్యాయం. చేసి చూపిస్తే నెలలో పంపేయాలి. పుస్తకం తప్ప పిపెట్ పట్టని వాళ్లను ఏడాదైనా ఉంచుకోవాలి. టిక్కు పెట్టేది కోర్సు అమ్మే సంస్థ కాకుండా, రేపు ఆ టెక్నీషియన్ ఇచ్చిన ఫలితం మీద సంతకం చేయబోయే ల్యాబ్ అయి ఉండాలి.

అంతవరకు, ఇర్వింగ్‌లోనో ఎడిసన్‌లోనో ఇలాంటి కోర్సుకు డబ్బు కట్టబోతున్న అక్కచెల్లెళ్లు ముందుగా నాలుగు మాటలు అడగాలి. ఏ ఆసుపత్రి బెంచి మీద ఎన్ని వారాలు నిలబెడతారు? పక్కన నిలబడి చూసేది ఎవరు? చెడిపోయిన నమూనాలు మాకు చెప్పకుండా ఎన్ని ఇస్తారు? నాకు రాలేదని మీకు అనిపిస్తే ఇంకా ఎన్నాళ్లు ఉంచుకుని నేర్పుతారు? జవాబుగా తమ దగ్గర చదివినవాళ్లలో ఇంత శాతం మందికి ఉద్యోగాలొచ్చాయని చెబితే, అదే ప్రశ్న మళ్లీ అడగండి.