చెరువు అందరిదైతే ఖర్చూ అందరిదే

చెరువు హద్దుల సర్వే అనే మాట వినబడితే చాలు, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో రైతులు పాసుబుక్కులు తీసి చూసుకుంటున్నారు. 2024 జూలైలో హైదరాబాదులో హైడ్రా వచ్చినప్పటి నుంచి ఈ భయం పల్లెలకూ పాకింది. అదే ఏడాది సెప్టెంబరు మొదట్లో కోదాడలో ఇళ్లు మునిగాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కాబట్టి చెరువులు, వాగులు కాపాడాలనడంలో మనకు రెండో మాట లేదు. పేచీ అంతా ఎవరి ఖర్చుతో అన్నదగ్గరే.

కట్ట కింద ఆయకట్టు రైతుకు చెరువు అలుగు దాకా నిండాలి. కట్ట లోపల శిఖం పట్టా ఉన్న రైతుకు చెరువు నిండితే చేను మునుగుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, కట్టలు బాగుచేశారు. ఈ తగువు మాత్రం అట్లనే ఉంది. రాత్రికి రాత్రి తూము ఎందుకు లేస్తుందో, అలుగుకు గండి ఎందుకు పడుతుందో మనకు తెలియనిదా? ఇద్దరూ మన సభ్యులే కనుక మీటింగుల్లో ఈ ముచ్చట దాటేస్తున్నాం.

అమెరికాలో ఆస్టిన్ నగరం ఈ పని వేరేగా చేసింది. బార్టన్ స్ప్రింగ్స్ అనే నీటి ఊటలను కాపాడటానికి, వాటికి నీరందించే భూములు కొనాలనుకుంది. అందుకు బాండ్లు అమ్మి అప్పు తేవాలా వద్దా అని 1998లో జనాన్నే ఓటు అడిగింది. జనం ఒప్పుకున్నారు. 6.5 కోట్ల డాలర్లు. కొన్నిచోట్ల భూమిని యజమాని చేతిలోనే ఉంచి, దానిమీద కట్టడాలు కట్టే హక్కు మాత్రమే కొన్నారు. అక్కడివాళ్లు ధర్మాత్ములని కాదు, నీళ్లు తాగేవాడే డబ్బు కట్టాలన్న లెక్క అది.

బాండ్లు మనకూ కొత్త కాదు. 2018లో జీహెచ్‌ఎంసీ బాండ్లతో 200 కోట్లు తెచ్చింది. అది రోడ్లకు, ఫ్లైఓవర్లకు. ఎవరినీ ఓటు అడగలేదు. ఫ్లైఓవర్‌కు దొరికే అప్పు చెరువుకెందుకు దొరకదు?

శిఖం పట్టా రైతు భూమి కావాలంటే ప్రభుత్వం 2013 భూసేకరణ చట్టం ప్రకారం కొనాలి. ఆ చట్టంలో మార్కెట్ విలువ మీద నూటికి నూరు శాతం సొలేషియం ఉంది. అమ్మడం ఇష్టంలేని రైతుకు, చెరువు నిండి పంట పోయిన ఏడాది పరిహారం ఇవ్వాలి. వెంచర్ల కోసం మట్టిపోసి చెరువు పూడ్చినవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వాళ్లనూ మనల్నీ ఒకే గాటన కడితే ఊరుకునేది లేదు.

ఇక ఓటు సంగతి. 1997 చట్టంతో నీటి సంఘాలకు ఆయకట్టు రైతులే ఓట్లేసి ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలు మళ్లీ పెట్టాలి. శిఖం రైతుకు కూడా అందులో ఓటుండాలి. ఏ చెరువుకు ఎంత భూమి కొనాలో గ్రామసభ ముందు తేలాలి.

సర్వేయరు వచ్చేదాకా ఆగకుండా పాత పహాణీల నకళ్లు, శిస్తు రశీదులు ఇప్పుడే తీసి పెట్టుకోండి. వచ్చే మండల మీటింగుకు కట్ట కింది రైతులు, కట్ట లోపలి రైతులు కలిసే రండి.