కుక్క మొరిగిన పిమ్మట

పల్లెటూరి యింటికి వాకిటి కుక్కయే కావలి యని మన పెద్దలు నమ్ముచు వచ్చిరి. ఆ నమ్మకము తప్పు గాదు, కాని చాలదు. కుక్క మొరుగును. అంతటితో దాని పని తీరినది. మొరిగిన పిమ్మట ఇంటివారేమి చేయవలెనో ముందుగా నిర్ణయించుకొనని యింట కుక్క యున్నను లేనట్లే. పఠనమందిరములలో దీనిని చదువు పట్టణవాసులలో అనేకులకు పల్లెలో తల్లిదండ్రులైనను, తాతలనాటి యిల్లైనను ఉండును గావున, ఈ విషయమును వారికే ముందుగా విన్నవించుచున్నాము.

పూర్వము ఊరికి తలారి యుండెడివాడు. 1984వ సంవత్సరమున మునసబు కరణముల పదవులు రద్దైన పిమ్మట ఆ పాత గ్రామోద్యోగ వ్యవస్థయే మాసిపోయినది. యువకులు చదువులకును కొలువులకును హైదరాబాదునకో, బెంగుళూరునకో, సముద్రములు దాటియో పోయిరి. పెద్ద లోగిళ్లలో ఇరువురు వృద్ధులును ఒక కుక్కయు మాత్రమే మిగిలిన ఊళ్లు నేడు తక్కువ గావు. అట్టి యింట అర్ధరాత్రి కుక్క మొరిగినచో ఎవరు లేవవలెను? ఎవరిని పిలువవలెను?

హితోపదేశములోని చాకలివాని కుక్క కథ మనమెల్లరము విన్నదే. దొంగ యింట జొచ్చినను అది మొరుగలేదు. యజమాని తనకు సరిగా తిండి పెట్టడని దాని యలుక. గాడిద ఆ పనికి పూనుకొని దెబ్బలు తినెను. లోకము గాడిదను జూచి నవ్వును. మేము యజమానునే తప్పుపట్టుచున్నాము. కావలికుక్కకు వేళకు తిండియు, నీరును, నీడయు ఉండవలెను. పరాయివాడు విసరిన ముక్క ముట్టకుండ పసితనమునుండియే అలవాటు చేయవలెను. దొంగ మొదట విషము పెట్టునది కుక్కకే. గొలుసున కట్టిన కుక్క గొలుసు పొడవు మేరకే కావలి గాయును. రాత్రివేళ ప్రహరీలోపల విడిచియుంచుట మేలు. అది మొరిగినప్పుడు తలుపు తీయక, లోపలనుండియే వాకిటి దీపము వెలిగించి, ఇరుగుపొరుగును కేకవేసి, 112 సంఖ్యకు ఫోను చేయవలెను. కఱ్ఱ చేతబట్టి చీకటిలోనికి పరుగెత్తుట శౌర్యము గాదు. కొందరు కంచెకు కరెంటుతీగ తగిలింతురు. ఆ తీగకు దొంగ యెవడో, దారి తప్పిన పొరుగింటి బాలుడెవడో తెలియదు. కుక్క యజమాని పిలుపు విని ఆగును, విద్యుత్తు ఆగదు.

దొంగకంటె పెద్ద యాపద నీరు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులు మృతినొందిరి. గోదావరి భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును పెరిగినది. అచ్చట 43, 48, 53 అడుగులవద్ద వరుసగా మూడు హెచ్చరికలు వెలువడును. ఆ తీరపు గృహస్థునకు మా సలహా యిది: మొదటి హెచ్చరికకే పట్టాదారు పుస్తకము, ఆధారు కార్డులు, మందులు, టార్చిలైటు, త్రాగునీరు ఒక సంచిలో కట్టుకొనవలెను. రెండవదానికి వృద్ధులను, పిల్లలను మెరకకు జేర్చవలెను. మూడవదానికి ఇంట నెవ్వరును ఉండరాదు. బయలుదేరునప్పుడు కుక్కను త్రాటితో వెంట దీసికొనిపొండు. వీలుగానిచో గొలుసైనను విప్పుడు. రాత్రులెల్ల మనలను కాచిన జీవమును గొలుసుతో నీటికి అప్పగించుట ధర్మమా? అమెరికాలో 2005వ సంవత్సరపు కత్రినా తుపానువేళ పెంపుడు జంతువులను విడువలేక అనేకులు ఇండ్లలోనే నిలిచిపోయిరి. ఆ దేశము 2006లో చట్టము చేసి, జనులను తరలించు ఏర్పాట్లలో జంతువులకును చోటు కల్పించినది. మన రైతు తన పశువును విడిచి కదలడని యెరుగని దెవరు? మన పునరావాస కేంద్రములును ఈ సంగతి గమనింపవలెను.

ఇక మూడవది. కావలికుక్కయే యింటికి మృత్యువు గాకూడదు. పిచ్చికుక్క కాటు విషలక్షణములు పైకి కనబడిన పిమ్మట బ్రదికినవారు అత్యంత అరుదు. అయినను దీనిని ముందుగా నివారించుట మన చేతిలోనే యున్నది. పాశ్చరు మహాశయుడు 1885లోనే మార్గము చూపెను. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగనే టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలెను. కరచినచో గాయమును సబ్బుతో, పారునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి బోయి, చెప్పిన సూదులన్నియు పూర్తిగా వేయించుకొనవలెను. పసుపు, కారము, సున్నము, ఆకుపసరు పట్టించి కాలము పుచ్చుట ప్రాణముతో జూదమాడుటయే. కుక్కను అజాగ్రత్తగా విడిచి పరులకు అపాయము దెచ్చువానికి భారతీయ న్యాయసంహిత 291వ సెక్షను ఆరు నెలలవరకు ఖైదునుగాని, అయిదువేల రూపాయలవరకు జరిమానానుగాని, రెండునుగాని విధించుచున్నది. ఇల్లు కాచుకొను హక్కు వీధిలో నడచు బిడ్డను కరపించు హక్కు గాజాలదు.

ఇవి యొక యింటివలన నగునవి గావు. ఒక వీధిలో పదిండ్లవారు గూడి, ఏ యింటి కుక్క మొరిగినను పొరుగు రెండిండ్లు దీపము వెలిగించునట్లు కట్టుబాటు చేసికొన్నచో, తలారి లేని లోటు కొంత తీరును. ప్రతి పంచాయతీయు ఏటేట ఒకనాడు ఊరి కుక్కలన్నిటికిని టీకా వేయించవలెను. పట్టణములనున్న బిడ్డలు పండుగకు ఊరికి పోయినప్పుడు కొత్తబట్టలతోపాటు ఒక టార్చిలైటు గొనిపోయి, అత్యవసర సంఖ్యలు పెద్ద యక్షరములతో వ్రాసి గోడకు అంటించి, పొరుగువారితో ఒకమాట చెప్పి రావలెను. సర్కారు సాయము వచ్చును. కాని అది చేరులోపలి కాలము మనదే. ఆ కాలమునకు మనము సిద్ధపడియున్నామా? ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వు జాతి యను అపవాదు మనకింక వలదు.