తీరికవేళ: వసారాలోని పాత సైకిలు

మన యిండ్లలో వెనుకటి వసారాయందు గోడకు జేరవేసిన పాత సైకిలొకటి తఱచుగా గానవచ్చును. దానిమీద తడిబట్ట లారవేయుదురు. హ్యాండిలునకు ఉల్లిపాయల సంచి తగిలింతురు. పండుగకు ముందు ఇల్లు దులుపునపుడు “దీన్ని ఎవరికైనా ఇచ్చేయకూడదూ?” అని యొకరందురు, “ఉండనీ, నీకేం అడ్డం?” అని మరియొకరందురు. ఇట్లు పదేండ్లు గడచును. ఒకనాడు పాతయినుము కొనువాడు వీథిలో కేకవేయును, సైకిలు తూకమునకు బోవును.

ఈ శీర్షికక్రింద అల్లికపనులను, పెరటితోటలను గూర్చి వ్రాయుచు వచ్చిన మేము ఈ మాసము సైకిలు జోలికి బోవుట సోదరీమణులకు వింతగా దోచవచ్చును. కాని రెండేండ్లుగా మా తీరికవేళలు కిరసనాయిలు వాసనతోనే గడచినవి గనుక దాచిపెట్టుట యెందులకు?

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. మా నాయనగారు పల్లెటూరి బడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. వారికొక హెర్క్యులిస్ సైకిలుండెడిది. నల్లని రంగు, దానిపై సన్నని బంగారుగీతలు. చైనుకవరుమీద పెయింటరుచేత తెల్లరంగుతో తమ పేరు వ్రాయించుకొనిరి. పంచాయతీవారు సైకిలుపన్ను గట్టించుకొని యిచ్చిన లోహపు బిళ్ల యొకటి ముందువైపున బిగింపబడి యుండెను. వారు గతించిన పిమ్మట మేము ప్రేమకొలది ఆ సైకిలును రంగులు వేయు దుకాణమున కిచ్చి, క్రొత్తదానివలె జేసి యిమ్మని కోరితిమి. వారట్లే చేసిరి. ఇసుక చిమ్మి పాతరంగునంతయు నొలిచివేసి, అద్దమువలె మెఱయు నలుపు పూసి పంపిరి. బంగారుగీతలు లేవు. పేరు లేదు. బిళ్ల యేమైనదో వారికే తెలియదు. మా అమ్మగారు చూచి, “బాగానే ఉంది గాని, ఇది ఎవరి సైకిలే?” అని యడిగిరి. ఆ దుకాణమువారి ననుటకు మాకు నోరు రాలేదు. క్రొత్తది కావలెనని కోరినది మేమే గదా.

అందుచేత మా అత్తవారింటి వసారాలోని రెండవ సైకిలు విషయమున జాగ్రత్త పడితిమి. ఇది మా మామగారిది. ఇంగ్లండులోని నాటింగ్‌హాం పట్టణమున జేయబడిన రాలీ. వారు దానిని 1950 దశకమున గుంటూరులో ఒక రైల్వే ఉద్యోగివద్ద పాతదిగానే కొనిరట. పెడళ్లు త్రిప్పు పళ్లచక్రము నడుమ కొంగతలలు మూడు మలచియుండును. అది ఆ కంపెనీవారి గుర్తు. తరువాతి కాలమున బెంగాలులోని ఆసనసోలు చెంత సెన్‌రాలీవారు ఆ పేరుతో మనదేశముననే సైకిళ్లు చేసిరి.

ఇంతపాత సైకిలునకు సామానులు దొరకునా యని ఇరుగుపొరుగువారు నవ్విరి. దొరకును. 1885లో కవెంట్రీ పట్టణమున జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ అను సైకిలును వెలువరించెను. చక్రములు రెండును రమారమి సమానములు. చైను వెనుకచక్రమును త్రిప్పును. 1888లో డన్‌లప్‌గారి గాలిటైరు వచ్చెను. మరి కొలది యేండ్లకు కుదురుకొన్న రూపము నేటికిని పెద్దగా మారలేదు. పాలక్యానులు తగిలించుకొని పోవు మన పెద్దసైకిలు ఆ వంశమునకు జెందినదే. కాబట్టి 28 అంగుళముల టైరులు, కాటరుపిన్నులు, బ్రేకుదిమ్మెలు సైకిలుసామానుల దుకాణములలో నింకను లభించుచున్నవి.

పానా పట్టక మునుపే సైకిలును నలుదెసలనుండి సెల్‌ఫోనుతో ఫొటోలు తీసికొనవలెను. ఏ వాషరు ఏ నట్టు వెనుక నుండెనో మరునాటికి జ్ఞాపకముండదు. మేము పాత పోపులపెట్టె నొకదానిని ఈ పనికి గేటాయించితిమి. ముందుచక్రపు గోలీలు ఆవాల గిన్నెలో, వెనుకచక్రమువి మెంతుల గిన్నెలో, నట్లు జీలకఱ్ఱ గిన్నెలో. ఈ విషయమున మగవారికంటె మనకే నేర్పెక్కువ యని మా నమ్మకము.

పెడళ్లు విప్పునపుడొక సంగతి మఱవరాదు. కుడిపెడలును గడియారపు ముల్లునకు ఎదురుగా త్రిప్పిన వదులగును. ఎడమపెడలు మర దానికి విరుద్ధముగా నుండును, ముల్లు తిరుగు వైపునకే త్రిప్పవలెను. ఇది తెలియక మేమును మా అబ్బాయియు ఒక పూటంతయు దానిని మరింత బిగించుచు గూర్చుంటిమి. క్రాంకును ఇరుసునకు బట్టియుంచు కాటరుపిన్ను ఇంకను మొండిది. ఊతలేకుండ సుత్తితో గొట్టినచో ఆ దెబ్బ లోపలి గోలీలకు దగిలి, అవి కూర్చుండు గిన్నెలు గుంటలు పడును. నాలుగుదినములు నూనెచుక్కలు వేసి నాననిచ్చి, క్రాంకు క్రింద నేలవఱకు ఇనుపగొట్టపు ముక్కను ఊతగా నిలిపి, అప్పుడు గట్టిగా నొక్క దెబ్బ వేయవలెను. ఇందుకు మాత్రము మేము వీథిచివరి సైకిలుషాపు మేస్త్రీని బిలిచితిమి. అన్నిటికిని మనమే పూనుకొనవలెనని పంతమేల?

ఇరుసున కొక్కొక ప్రక్క పదునొకండు చొప్పున పావు అంగుళపు గోలీలుండెను. అందు రెండు పగిలినవి. పగిలినవి మాత్రమే మార్చి సరిపెట్టుకొనరాదు. పాతవి అరిగియుండును గనుక భారమంతయు క్రొత్తవానిమీద బడి అవియు త్వరలోనే చెడును. అన్నియు నొకేసారి మార్చి, క్రొత్తగ్రీజు పెట్టితిమి.

రంగు విషయమున మాకు భయ మెక్కువ. ఉప్పుకాగితము దగ్గఱకు రానీయలేదు. కిరసనాయిలుతో కొంచెముగా దడిపిన మెత్తని గుడ్డను ముందు కానరానిచోట రుద్ది చూచి, రంగు వదలదని నిశ్చయించుకొని, తక్కినచోట్ల మురికి దీసితిమి. బంగారుగీతలు సగము మేర బయటపడెను; తక్కిన సగము ఎప్పుడో పోయినది, అట్లే యుంచితిమి. తళుకుపూతగల హ్యాండిలుపై తుప్పునకు, వంటింట రొట్టెలు చుట్టు అల్యూమినియపు కాగితమును ఉండజేసి నీటిలో ముంచి రుద్దిన చాలును. ముందుగొట్టముపై ఇత్తడిబిళ్ల యుండును. ఇత్తడి యనగానే మన చేయి చింతపండు దెసకు బోవును. వలదు; బిళ్ల గుంటలలో నింపిన రంగు కరగిపోవును. తోలుసీటునకు కొబ్బరినూనె పట్టించుటయు నట్టిదే. తోలు మెత్తబడి ఊయలవలె జారిపోవును. సీటుముక్కు క్రింది నట్టును పావుచుట్టు బిగించి, మైనపుపూత పలుచగా పూయుట మేలు.

ఇంతలో మా యింట చిన్న కలహ మొకటి బయలుదేరెను. మా అబ్బాయికి పాతసైకిళ్ల భాగములు తొలగించి తేలికచేయు వినోదముపై మక్కువ. మడ్‌గార్డులు, క్యారియరు, చైనుకవరు తీసివేసి, వంపుహ్యాండిలునకు బదులు తిన్ననిది పెట్టినచో సైకిలు గుఱ్ఱమువలె బరుగిడునట. మేము మధ్యాహ్నము నిద్రించి లేచునప్పటికి క్యారియరు నేలమీద నుండెను. హ్యాండిలు మార్చుట యంత సులువు కాదని వాని కప్పుడు తెలిసినది. ఈ సైకిలు బ్రేకులు తీగెలతో గాక కడ్డీలతో బనిచేయును. కడ్డీలు హ్యాండిలుకే వ్రేలాడుచుండును. హ్యాండిలు మార్చిన బ్రేకులు మార్చవలెను, బ్రేకులు మార్చిన రిమ్ములును మార్చవలెను. వాడిట్లు తల గోకికొనుచుండగా, మా అత్తగారు చేతికఱ్ఱ ఊతగా వసారాలోనికి వచ్చి, క్రిందనున్న క్యారియరును చూచి, “ఒరేయ్, నా చోటేదిరా?” అనిరి.

పెండ్లియైన నాటినుండి ఇరువదేండ్లు ఆమె ఆ క్యారియరుమీద ప్రక్కకు దిరిగి కూర్చుండియే పుట్టింటికిని, సినిమాకును, ఆసుపత్రికిని బోయిరి. మా ఆడుబిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి బిడ్డను ఒడిలో నిడుకొని దానిమీదనే ఏడుమైళ్లు పోయినట్లు మేమంతకు ముందెన్నడును వినలేదు. అబ్బాయి మాటాడక, జీలకఱ్ఱ గిన్నెలోని నట్లు వెదకి క్యారియరును మరల బిగించెను.

వాని యుత్సాహము వ్యర్థము కానీయరాదని పాతసామానుల దుకాణమున ఆడుసైకిలు ఫ్రేము నొకదానిని తూకమునకు గొంటిమి. మార్పులన్నియు దానిమీదనే. దీనిపై త్రొక్కునది మా అమ్మాయి. ఓణీ కొంగులును చున్నీలును వెనుకచక్రమున జుట్టుకొని జరుగు ప్రమాదములు మీరెఱుగనివి కావు. వెనుకటి ఇంగ్లండు ఆడుసైకిళ్లకు మడ్‌గార్డునుండి ఇరుసువఱకు త్రాళ్లు బిగించి వల యేర్పఱచెడివారు. కొందఱు స్త్రీలు దానిని క్రోషే అల్లికతోనే చేసికొనిరి. మేమును మడ్‌గార్డు అంచున రంధ్రములు వేయించి, గట్టి నూలుత్రాటితో రెండువైపుల వల యల్లితిమి. ముడులు గట్టిగా నుండవలెను. వదులైన పోగు చక్రమున బడిన చున్నీకంటె నపాయము. అల్లిక తెలిసినవారికి రెండు మధ్యాహ్నముల పని.

మామగారి సైకిలు నడిమి అడ్డుగొట్టమును కోయించినచో ఆడువారికిని పనికివచ్చునని ఒక బంధువు సలహా యిచ్చిరి. అట్లు ఎవరును చేయించరాదు. ఆ గొట్టము పోయిన ఫ్రేము బలము పోయి, నడుచుచుండగనే విఱుగవచ్చును. అదియుగాక ఆ గొట్టము స్త్రీలకు విరోధి యనుటయు సరికాదు. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో, షీలారాణి చుంకత్ కలెక్టరుగా నుండగా, అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది పల్లెస్త్రీలు సైకిలు నేర్చిరి. ఆడుసైకిళ్లు చాలక పలువురు మగసైకిళ్లనే త్రొక్కిరి. బిడ్డను గూర్చుండబెట్టుకొనుటకు ఆ గొట్టమే అనుకూలమని వానినే కోరినవారును గలరు.

గత మాసము ఒక సాయంకాలము మా అత్తగారు క్యారియరుపై దుప్పటి మడతవేయించి, ప్రక్కకు గూర్చుండి, మనుమడు మెల్లగా నడిపించుచుండగా వీథిమొగవఱకు బోయివచ్చిరి. దిగి, “వెనక చక్రం కొంచెం ఊగుతోందిరా, మీ తాతయ్య ఉన్నప్పుడు ఇలా ఊగేది కాదు” అని చెప్పి లోనికి బోయిరి. చూడగా ఊచలు మూడు వదులై యున్నవి. మేస్త్రీని మరల బిలువవలెను.