నేస్తానికి ర్యాంకు అడగకండి



చలికాలం వస్తే చాలు, మన దగ్గర ఐదో తరగతి పిల్లల ఇళ్లలో ఒకటే హడావిడి. కోరుకొండ సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష. లెక్కల పేపరు ఎలా ఉంటుంది, కోచింగ్ ఎక్కడ బాగుంటుంది, సీటొస్తే రేపు ఎన్డీయేకి దారి సులువవుతుందా అని అడుగుతుంటారు. అడగాల్సినవే. కానీ అక్కడ మా వాడికి ఎలాంటి స్నేహితులు దొరుకుతారండీ అని అడిగినవారు నాకింతవరకు తగల్లేదు. నన్నడిగితే ఆ బడి ఇచ్చే అసలు ఆస్తి అదే.

1962 జనవరిలో విజయనగరం పక్కనే కోరుకొండలో, పూసపాటి రాజుల ప్యాలెస్‌లో ఆ బడి మొదలైంది. ఆరో తరగతిలో చేరేవాళ్లకు పదికీ పన్నెండుకీ మధ్య వయసు. (ఇప్పుడు ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారు.) ఆ వయసు పిల్లవాడు అమ్మ మీద బెంగతో రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడిస్తే, వినేది పక్క మంచం మీదవాడే. వాడూ ఏడుస్తూనే ఉంటాడు. అలా ఏడేళ్లు ఒకే మెస్సు, ఒకే గ్రౌండు. ఆ తర్వాత ఒకడు ఆర్మీకి, ఒకడు నేవీకి, ఇంకొకడు ఏ బ్యాంకుకో పోతాడు. ఆ బంధం మాత్రం తెగదు.

సైన్యంలో రెండు మూడేళ్లకోసారి బదిలీ. మన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన జనరల్ కె.వి. కృష్ణారావు గారు 1942లో అధికారిగా చేరి, 1981లో సైన్యాధిపతి అయ్యారు. ఆ దాదాపు నలభై ఏళ్లలో ఎన్నిసార్లు సామాన్లు సర్దుకుని ఉంటారో ఊహించుకోండి. ఇలా తిరిగే ఉద్యోగంలో స్నేహం నిలవడానికి కారణం నాకు కనిపించేది ఒకటే. అది ఇద్దరు మగవాళ్ల మధ్య ఆగిపోదు, రెండు ఇళ్ల మధ్యకు వస్తుంది. సరిహద్దు పోస్టింగులకు చాలాచోట్ల కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీలుండదు. ఆయన కొండల్లో ఉండగా ఇక్కడ పాపకు జ్వరం వస్తే, ఆస్పత్రికి తీసుకెళ్లేది పక్క క్వార్టర్‌లోని మరో అధికారి భార్య. ఆ పాప పెద్దయ్యాక పెళ్లి పిలుపుల్లో మొదటి వరుసలో ఉండేదీ వాళ్లే.

ఇలాంటి బంధానికి ఎంత బలం ఉంటుందో చూపించే ఒక నిజమైన సంగతి చెబుతాను. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ అధిపతి కె.ఎం. కరియప్ప. దేశ విభజనకు ముందు ఆయన కింద పనిచేసిన అధికారుల్లో అయూబ్ ఖాన్ ఒకరు. విభజన తర్వాత అయూబ్ పాకిస్తాన్ సైన్యంలోకి వెళ్లి, చివరికి ఆ దేశానికి అధ్యక్షుడయ్యారు. 1965లో రెండు దేశాలకూ యుద్ధం వచ్చింది. కరియప్ప కొడుకు కె.సి. కరియప్ప వైమానిక దళంలో పైలట్. సెప్టెంబరు 22న, అంటే కాల్పులు ఆగడానికి ఒక్కరోజు ముందు, ఆయన నడుపుతున్న హంటర్ విమానం కూలింది. వెన్నెముకకు దెబ్బ తగిలి పాకిస్తాన్ చేతికి చిక్కారు.

అబ్బాయి క్షేమంగా ఉన్నాడు, కావాలంటే ముందే వదిలేస్తాం అని అయూబ్ నుంచి కబురు వచ్చింది. అప్పటికే రిటైరైన ఆ తండ్రి వద్దన్నారు. అక్కడున్న మన ఖైదీలందరూ తన బిడ్డలేనని, అందరినీ ఒకేలా చూడమని చెప్పారు. ఆ మాట అనడానికి ఆయన గుండె ఎంత గట్టిది కావాలో తల్లిదండ్రులైన మీకు నేను చెప్పక్కర్లేదు. అటువైపు అయూబ్ భార్య, పెద్ద కొడుకు స్వయంగా ఆస్పత్రికి వెళ్లి ఆ కుర్రవాడిని పలకరించి వచ్చారు. చేతిలో సిగరెట్ల పెట్టె, పి.జి. వుడ్‌హౌస్ నవల ఒకటి. (సిగరెట్ల ముక్క పిల్లలకు చెప్పేటప్పుడు దాటేయండి.) ఆయన 1966 జనవరిలో మిగతా ఖైదీలలాగే తిరిగొచ్చారు. తర్వాత ఎయిర్ మార్షల్ అయ్యారు.

ఇక్కడ నన్ను ఆపేది ఆ ఆస్పత్రి పరామర్శే. దేశాలు కొట్టుకుంటున్నాయి. స్నేహం పేరు చెప్పి ఇతను లాభం పొందలేదు. అయినా పాత పరిచయస్తుడి కొడుకు మంచాన పడ్డాడని ఒక తల్లి చూడటానికి వెళ్లింది.

మనకిది కొత్తా? మన ఊళ్లలో నేస్తరికం అనే మాట మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ఇద్దరు పిల్లలకు నేస్తం కడితే రెండు ఇళ్లూ చుట్టాలైపోయేవి. పండక్కి బట్టలు పెట్టడం, అరిసెలు పంపడం, కష్టానికి నిలబడటం. కులం వేరైనా సరే.

ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? పిల్లవాడు కొత్త స్నేహితుడి పేరు చెప్పగానే మన నోట్లోంచి వచ్చే మొదటి మాట, “వాడికెంత ర్యాంకు?” బాగా చదివేవాడితోనే తిరుగు అని చెబుతాం. అంటే ఆ స్నేహం వల్ల మనకేం వస్తుందో లెక్క వేయడం పదేళ్లకే నేర్పుతున్నాం. ఇక మన తరహా విద్యాసంస్థల్లో పరీక్ష అయిన ప్రతిసారీ మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి ఉంది చూడండి, అది నాకు బొత్తిగా గిట్టదు. ఈ మాట మన పత్రికలోనే రాయడం కొందరికి రుచించకపోవచ్చు. గురజాడ, గిడుగు విజయనగరంలో ఒకే తరగతిలో చదువుకున్నారు. తర్వాత వాడుక భాష కోసం ఇద్దరూ కలిసి పోరాడారు. మార్కులు చూసి ఒకరిని ఎ సెక్షన్‌లో, ఇంకొకరిని సి సెక్షన్‌లో కూర్చోబెట్టి ఉంటే!

చెడు సావాసాల భయం మీకుంటుంది. ఉండాలి కూడా. కానీ ఎవరో ఏమిటో తెలియాలంటే ఆ పిల్లవాడిని ఒక ఆదివారం భోజనానికి పిలవండి. మీ ఇంట్లో కూర్చుని అన్నం తిన్నవాడి గురించి మీకు తెలిసేది ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ ఉండదు. వాళ్ల అమ్మానాన్నలతో నాలుగు మాటలు మాట్లాడండి. చాలామంది ఇళ్లలో పిల్లల స్నేహితుల పేర్లు తెలుసు గానీ, ఆ ఇంటి పెద్దల ముఖాలు తెలియవు.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మార్కుల షీటు మీద సంతకం పెట్టి వెళ్లిపోకుండా, మీ పిల్లల పక్క బెంచీ వాళ్ల తల్లిదండ్రులెవరో కనుక్కుని ఫోన్ నంబరు తీసుకోండి. అలాగే వచ్చే ఏడాది సెక్షన్లు ఎలా వేస్తారు, మధ్యలో మారుస్తారా అని క్లాస్ టీచర్‌ను గట్టిగానే అడగండి. ఫీజు గురించి అడిగినంత గట్టిగా.